పాత మోటారుసైకిలు కార్బొరేటర్ నీడిల్: ఒరిజినల్‌నూ బయటి తయారీనీ కొలిచి, నడిపి పోల్చే విధానం

“కొత్త నీడిలేనండి, మొన్ననే వేయించామండి, అయినా సగం యాక్సిలరేటర్ దగ్గర బండి దగ్గుతోందండి.” అమలాపురం నుంచి భీమవరం దాకా పాత బుల్లెట్, యెజ్డీ, ఆర్ఎక్స్100 నడిపేవారిలో ఎవరిని కదిపినా దాదాపు ఇదే మాట వినిపిస్తుంది. కంపెనీ నీడిల్ మంచిదా, బయటి తయారీది పనికొస్తుందా అన్న ప్రశ్న ఆ వెనుకే వస్తుంది.

ప్యాకెట్టు మీది పేరు చూసి దీనికి జవాబు చెప్పలేము. నీడిల్ ఒక్కదాన్నే పక్కన పెట్టుకుని పోల్చినా చెప్పలేము. నీడిల్‌ను, అది దిగే జెట్టునూ, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ఇత్తడి ముక్కనూ, ఒక జతగా కొలిచి, ఆ తర్వాత రోడ్డు మీద నడిపి చూసినప్పుడే తేడా తేలుతుంది. ఆ పనిని ఏ వరుసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను. బుల్లెట్‌కు వచ్చిన మిక్‌కార్బ్ వీఎం24, ఆర్ఎక్స్100కు వచ్చిన మికునీ వీఎం20, జావా, యెజ్డీల జికోవ్, ఇంకా పాత బుల్లెట్ల అమల్ వంటి, కేబుల్‌తో స్లైడ్ (గాలి దారిని తెరిచే జారుడు ముక్క) పైకి లేచే కార్బొరేటర్లకే ఇది వర్తిస్తుంది.

1. ఏ నీడిల్ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోండి

కార్బొరేటర్లో నీడిల్ అనే పేరున్నవి రెండు ఉంటాయి. స్లైడ్‌కు వేలాడుతూ, కిందికి పోయేకొద్దీ సన్నబడే పొడవాటి సూది ఒకటి. దీనినే జెట్ నీడిల్ అంటారు. గిన్నెలో తేలే ఫ్లోట్ కదలికకు తగ్గట్టు మూసుకుంటూ, పొట్టిగా ఉండి, గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వ్ రెండోది.

కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతుంటే చూడవలసింది రెండో దానిని. దుకాణంలో “నీడిల్ ఇవ్వండి” అని మాత్రమే అడిగితే ఏది చేతిలో పెడతారో చెప్పలేము కనుక, పాతదానిని వెంట తీసుకుని వెళ్లడం మేలు. ఇక్కడ చెప్పేదంతా జెట్ నీడిల్ గురించే.

2. నీడిల్ పనిచేసే పరిధి

యాక్సిలరేటర్ మూసిన స్థితి నుంచి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నిర్ణయిస్తాయి. అక్కడి నుంచి నాలుగో వంతు దాకా స్లైడ్ అంచున ఉండే కోతది, నీడిల్ పైభాగంలోని నేరు ముక్కది పెత్తనం. నాలుగో వంతు నుంచి ముప్పావు వరకు నీడిల్ వాలు, దాని చుట్టూ ఉన్న నీడిల్ జెట్టు పని చేస్తాయి. ఆ పైన మెయిన్ జెట్టుదే రాజ్యం. ఈ హద్దులు ఒకదానిలోకి ఒకటి కొంత చొచ్చుకుని ఉంటాయి.

కాబట్టి ఐడ్లింగ్ నిలవకపోయినా, పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే బండి ఆగిపోతున్నట్టు ఉన్నా, నీడిల్ మార్చి ప్రయోజనం లేదు. మనవాళ్లు కాలువ గట్ల మీద గంటకు 40 నుంచి 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోయే తీరులో మాత్రం బండి అత్యధిక సమయం నీడిల్ పరిధిలోనే నడుస్తుంది. గోదావరి డెల్టాలో నీడిల్ తప్పయితే మైలేజీ మీద అంత ప్రభావం పడటానికి కారణం ఇదే.

3. సిద్ధం చేసుకోవలసినవి

• 0.01 మి.మీ. వరకు చదవగల మైక్రోమీటరు. ఇంటర్‌లో తీగ మందం కొలిచిన స్క్రూగేజి ఇదే.
• పొడవుల కోసం వెర్నియర్ కాలిపర్స్.
• చదునైన అద్దం పలక, భూతద్దం, టార్చి.
• కొత్త స్పార్కు ప్లగ్గులు రెండు.
• కాగితపు టేపు, సన్నని మార్కర్ పెన్ను.
• నూలు పోగులు రాలని మెత్తని గుడ్డ, ఎనామిల్ పళ్లెం, శుభ్రమైన పెట్రోలు కొద్దిగా.
• నోటుపుస్తకం, పాత నీడిల్, పోల్చదలచిన కొత్త నీడిల్, వీలైతే కొత్త నీడిల్ జెట్టు.

మైక్రోమీటరు కొనవలసిన పని లేదు. రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో ఏ లేత్ వర్క్‌షాపుకు వెళ్లినా ఉంటుంది. టీ తాగే సమయంలో అడిగితే కొలిచి పెడతారు. డిజిటల్ వెర్నియర్ తెర మీద 0.01 కనిపించినా, సాధారణ రకాల్లో 0.02 మి.మీ. వరకు పొరపాటు మామూలే. మనం వెతుకుతున్న తేడాయే అంత కాబట్టి వ్యాసం కొలవడానికి దానిని నమ్మకండి.

పెట్రోలుతో పని కనుక గాలి ఆడే చోట, ఇంజను చల్లబడిన తర్వాత, పొయ్యికీ దీపానికీ దూరంగా కూర్చోవాలి.

4. నీడిల్‌ను అనుమానించే ముందు

నీడిల్ తప్పు అనిపించే లక్షణాలను చూపించగల దోషాలు ఇంకా చాలా ఉన్నాయి. ఇవి సరిగా లేకుండా చేసిన పోలిక వృథా.

• ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా, తన చోట బిగిసి ఉన్నదా?
• ప్లగ్గు గ్యాపు, పాయింట్ల గ్యాపు, టైమింగు సరిగా ఉన్నాయా?
• ఫ్లోట్ ఎత్తు సరిగా ఉన్నదా? గిన్నెలో పెట్రోలు మట్టం తగ్గినా పెరిగినా నీడిల్ పరిధి అంతా మిశ్రమం పెట్రోలు తగ్గి పలుచబడటమో, పెట్రోలు పెరిగి చిక్కబడటమో జరుగుతుంది.
• కార్బొరేటరుకూ ఇంజనుకూ మధ్య గాలి లీకు ఉన్నదా? బుల్లెట్లో నట్లు అతిగా బిగించడం వల్ల ఫ్లాంజ్ (ఇంజనుకు ఆనే చదును అంచు) వంగుతుంది. ఆర్ఎక్స్100లో రబ్బరు మెడ పగులుతుంది.
• స్లైడ్ తన గూటిలో ఎక్కువగా ఊగుతున్నదా? మేస్త్రులు కొందరు దీనినే కార్బొరేటర్ పిస్టన్ అంటారు. ఇది అరిగితే చిన్న తెరపులో దొంగగాలి లోపలికి వస్తుంది, ఏ నీడిల్ వేసినా అది పోదు.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023లో మొదలై ఇప్పుడు బంకులన్నిటా పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. మామూలు పెట్రోలు సంపూర్ణంగా మండటానికి బరువులో సుమారు 14.7 వంతుల గాలి కావాలి, ఇ20కి 13.5 వంతులు చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం అవసరమవుతుంది. పాత పెట్రోలుకు సరిపోయిన కార్బొరేటరు ఇప్పుడు సహజంగానే కొంత పలుచగా నడుస్తుంది. ఒరిజినల్ నీడిల్‌తోనూ ఈ మార్పు వస్తుంది కాబట్టి దానిని కొత్త నీడిల్ ఖాతాలో వేయడం అన్యాయం.

5. విప్పే క్రమం

1) పెట్రోలు ట్యాపు మూసి, గిన్నెలో ఉన్నదానిని వంపేయండి.
2) కార్బొరేటరు చుట్టూ పట్టిన దుమ్మును ముందే తుడవండి. మూత తీశాక రాలిన ఇసుకరేణువు నేరుగా ఇంజనులోకి పోతుంది.
3) పైమూత విప్పి, స్లైడ్‌ను నిటారుగా పైకి లాగండి. పక్కకు వంచితే నీడిల్ వంగుతుంది.
4) స్ప్రింగును చేత్తో పైకి నొక్కిపట్టి, కేబుల్ చివరి గుండీని స్లైడ్ గాడి నుంచి తప్పించండి.
5) నీడిల్‌ను తీసే ముందే, దానిని స్లైడ్‌లో నిలిపే క్లిప్పు తల దగ్గరి ఏ గాడిలో ఉన్నదో చూసి రాసుకోండి. గాడులను పై నుంచి లెక్కించాలి. ఫోటో తీసుకుంటే మరీ మంచిది.
6) గిన్నె విప్పి, మెయిన్ జెట్టు తీసి, నీడిల్ జెట్టును బయటికి తీయండి. మికునీ రకాల్లో చాలావరకు ఇది పైకి, స్లైడ్ ఉండే గూటిలోకి వస్తుంది. అమల్‌లో కింది నుంచి విప్పాలి. రాకపోతే కొట్టకండి, మెయిన్ జెట్టు వైపు నుంచి చెక్కపుల్లతో మెల్లగా నెట్టండి.

జెట్టు రంధ్రాల్లో చిలుము పట్టి ఉంటే గుండుసూదితోనో స్టీలు తీగతోనో గీరకూడదు. మన దగ్గర చేపల గాలానికి కట్టే నైలాన్ దారం దీనికి చక్కగా సరిపోతుంది. ఇత్తడిని గీయకుండా మురికిని లాక్కొస్తుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో నిలిపి ఉంచిన బండ్లలో ఈ చిలుము త్వరగా చేరుతుంది, నీటిని పీల్చే ఇథనాల్ దానికి తోడవుతుంది.

6. నీడిల్ మీద, జెట్టు మీద ఉన్న సంకేతాలు

మికునీ నీడిల్ తల దగ్గర 5డీ6, 6డీహెచ్3 వంటి సంకేతం చెక్కి ఉంటుంది. మొదటి అంకె పొడవు తరగతిని చెబుతుంది: 4 ఉంటే 40కీ 50కీ మధ్య, 5 ఉంటే 50కీ 60కీ మధ్య మిల్లీమీటర్లు. అక్షరం వాలు కోణాన్ని చెబుతుంది. ‘ఏ’ అంటే 15 నిమిషాల కోణం, ఒక్కో అక్షరానికి మరో 15 నిమిషాలు పెరుగుతుంది. ఆ లెక్కన ‘డీ’ అంటే 60 నిమిషాలు, ఒక డిగ్రీ. రెండు అక్షరాలుంటే నీడిల్‌కు రెండు వాలులు ఉన్నాయని, మొదటిది పైవాలుకూ రెండోది కిందివాలుకూ చెందుతుందని అర్థం. చివరి అంకె తయారీదారు వేసుకున్న రకపు గుర్తు. సెట్టింగుల పట్టికలో దాని తర్వాత గీత పెట్టి మరో అంకె రాసి ఉంటే, అది క్లిప్పు ఉండవలసిన గాడి.

నీడిల్ జెట్టు మీద ఓ-2, పీ-4 వంటి గుర్తులుంటాయి. ఓ-0 అంటే 2.600 మి.మీ. రంధ్రం, పీ-0 అంటే 2.650, క్యూ-0 అంటే 2.700. పక్కనున్న అంకె ఒక్కొక్కటి పెరిగితే 0.005 మి.మీ. పెరుగుతుంది. కాబట్టి పీ-4 అంటే 2.670. అమల్ కాన్సెంట్రిక్ జెట్ల మీద 105, 106, 107 అని అంగుళంలో వెయ్యో వంతుల లెక్క ఉంటుంది.

బయటి రిపేరు కిట్లలో వచ్చే నీడిళ్లలో అనేకం మీద ఏ సంకేతమూ ఉండదు. సంకేతం లేని నీడిల్ చెడ్డదని తీర్మానించనక్కరలేదు, కానీ అది మీరు కొలిచే దాకా ఒక తెలియని సూది మాత్రమే. సంకేతం ఉన్నంత మాత్రాన అసలుదీ కాదు; అక్షరాలు చెక్కడం వాలు సరిగా తీయడం కన్నా చాలా తేలిక.

7. కొలిచే విధానం

మైక్రోమీటరు ముఖాలు తుడిచి, మూసి, సున్నా దోషం ఎంతో చూసుకోండి. బిగించేటప్పుడు చివర ఉన్న రాచెట్‌నే తిప్పండి. ప్రతి కొలతనూ మూడుసార్లు తీసుకుని, మూడూ కలిసినప్పుడే రాయండి.

పాతదానికీ కొత్తదానికీ ఈ వరుసలో కొలతలు తీయండి:

• నేరు భాగం వ్యాసం రెండు చోట్ల, నీడిల్‌ను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ.
• పై గాడి నుంచి వాలు మొదలయ్యే చోటు దాకా దూరం.
• పై గాడి నుంచి కొన దాకా మొత్తం పొడవు.
• పై గాడి నుంచి 25, 30, 35, 40 మి.మీ. దూరాల్లో వ్యాసం, మీ నీడిల్ పొడవును బట్టి ఈ చోట్లు మార్చుకోవచ్చు.
• గాడుల సంఖ్య, గాడికీ గాడికీ మధ్య దూరం.

మొత్తం పొడవును తల నుంచి కొలవడం చాలామంది చేసే పొరపాటు. తల ఎంత పొడవున్నా పెట్రోలుకు సంబంధం లేదు. క్లిప్పు కూర్చునే గాడే నీడిల్‌కు ఆధారం, కొలతలన్నీ దాని నుంచే మొదలు కావాలి. వాలు మొదలయ్యే చోటు ఒక గాడి దూరమంత జరిగి ఉంటే, మీరు తెలియకుండానే ఒక గాడి మార్చినట్టు లెక్క.

తర్వాత నీడిల్‌ను అద్దం పలక మీద పెట్టి, నేరు భాగం అద్దానికి ఆనేలా మెల్లగా దొర్లించండి. వెనుక టార్చి వెలుగు ఉంచితే వంకర ఉన్నచోట వెలుగు సందు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తుంది. భూతద్దంతో ఒంటిని చూడండి: వాలు మీద ఉంగరాల్లా లేత్ గీతలు కనిపించే నీడిల్ జెట్టును ఆకురాయిలా అరగదీస్తుంది. అటువంటిదాన్ని కొలతలు కలిసినా నేను వాడను.

క్లిప్పు గాడిలో బిగువుగా కూర్చోవాలి. వదులైతే నీడిల్ గిరగిరా తిరుగుతూ, ఎగిరెగిరి పడుతూ తనను తానూ అరగదీసుకుంటుంది, జెట్టునూ అరగదీస్తుంది. బయటి తయారీల్లో వ్యాసం కన్నా ముందు నాకు లోపం దొరికేది తరచుగా ఇక్కడే.

8. జెట్టును వదిలేస్తే జరిగే మోసం

పెట్రోలు వచ్చేది నీడిల్ చుట్టూ మిగిలిన ఉంగరం లాంటి సందులో నుంచి. ఆ సందు ఎంత ఇరుకో ఒక లెక్క వేసి చూద్దాం. 2.66 మి.మీ. జెట్టులో 2.51 మి.మీ. నీడిల్ నేరు భాగం ఉన్నదనుకోండి. సందు వైశాల్యం సుమారు 0.61 చదరపు మి.మీ. ఇప్పుడు బయటి నీడిల్ 2.49 మి.మీ. వచ్చిందనుకోండి. వైశాల్యం 0.69కి చేరుతుంది. రెండు వందో వంతుల మిల్లీమీటరు తేడాకు దారి 13 శాతం పెరిగింది.

నీడిల్ సరిగానే ఉండి, జెట్టు అరిగి 2.68 అయినా ఇంచుమించు ఇదే జరుగుతుంది, 14 శాతం పెరుగుతుంది. రెండూ కలిస్తే 27 శాతం.

అసలు ఉచ్చు దీనికి తలకిందుల సందర్భంలో ఉన్నది. బయటి నీడిల్ లావుగా, 2.53 మి.మీ. ఉన్నదనుకోండి. 2.68కి అరిగిన జెట్టులో దానిని వేస్తే సందు దాదాపు కొత్త జతకు సమానమవుతుంది, తేడా ఒక శాతం లోపే. బండి అద్భుతంగా నడుస్తుంది. “ఒరిజినల్ కన్నా ఇదే మేలు” అన్న పేరు ఊరంతా పాకుతుంది. మరుసటి ఏడాది ఎవరో జెట్టు మార్చగానే పెట్రోలు దారి 14 శాతం తగ్గి, మిశ్రమం పలుచబడి, ఇంజను వేడెక్కి, నింద కొత్త జెట్టు మీద పడుతుంది.

ఇది నా అనుభవమే. కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో కొన్న కిట్టులోని నీడిల్‌ను నా బుల్లెట్‌లో వేసి, మైలేజీ పెరిగిందని మురిసిపోయి, ఇద్దరు మిత్రుల చేత కూడా అదే కొనిపించాను. వాళ్లిద్దరివీ తక్కువ తిరిగిన బండ్లు. రెండూ నీళ్లు తాగని ఎద్దుల్లా నడిచాయి. లేత్ షాపులో కొలిచిన నాడు గానీ సంగతి తెలియలేదు.

జెట్టు అరుగుదలను ఇలా పట్టుకోవచ్చు:

• వెలుగుకు ఎదురుగా పట్టి భూతద్దంతో రంధ్రం చూడండి. గుండ్రంగా కాక ఒక వైపు గుడ్డులా సాగి ఉంటే మార్చవలసిందే. నీడిల్‌ను ఇంజను ఊపిరి ఒక వైపుకే లాగుతుంది కనుక అరుగుదల ఒక వైపునే పడుతుంది.
• లేత్ షాపులో పిన్ గేజీలు (మందం ఇంతని తెలిసిన కొలత పిన్నులు) ఉంటే జెట్టులో దూరే అతి లావు పిన్ను ఎంతో చూసి, జెట్టు మీది గుర్తుతో పోల్చండి. సాగిన రంధ్రంలో పిన్ను ఇరుకైన వైపు కొలతనే చెబుతుంది కనుక భూతద్దం పరీక్ష కూడా తప్పనిసరి.
• పాత నీడిల్ వాలు మీద ఒకే చోట మెరుపు చార ఉంటే జెట్టు కూడా అరిగిందనే లెక్క.

సందేహం ఉంటే కొత్త జెట్టు వేసి, ఆ తర్వాతే నీడిళ్లను పోల్చండి. అరిగిన ఒరిజినల్‌ను ప్రమాణంగా పెట్టుకుని కొత్త నీడిల్‌ను తూచడం, అరిగిపోయిన కుంచంతో ధాన్యం కొలవడం ఒకటే.

9. బిగించడం

క్లిప్పును ముందు రాసుకున్న గాడిలోనే పెట్టండి. తెలియని బయటి నీడిల్‌ను టూ స్ట్రోక్ బండిలో పరీక్షిస్తుంటే మాత్రం ఒక గాడి కిందికి పెట్టి, అంటే నీడిల్‌ను పైకి లేపి, చిక్కని వైపు నుంచే మొదలు పెట్టండి. యెజ్డీ, రాజ్‌దూత్ 175 వంటి బండ్లలో ఆయిలు పెట్రోలులోనే కలిసి వస్తుంది కాబట్టి మిశ్రమం పలుచనైతే ఇంజనుకు చేరే ఆయిలు కూడా తగ్గుతుంది. ఆర్ఎక్స్100కు ఆయిలు పంపు వేరుగా ఉన్నా, పలుచని మిశ్రమపు వేడి పిస్టన్‌ను వదలదు.

స్లైడ్ కోత ఎయిర్ ఫిల్టరు వైపు ఉండాలి. పక్క గాడి లోపలి పిన్నులో కూర్చుని, నీడిల్ కొన జెట్టులో దిగినట్టు చేతికి తెలిశాకే మూత బిగించండి. బలవంతం వద్దు.

స్టార్టు చేసే ముందు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదలండి. స్లైడ్ ‘టక్’మని కిందికి పడిన శబ్దం వినిపించాలి, హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పి కూడా ఇదే చూడండి. శబ్దం రాకపోతే బండిని స్టార్టు చేయకండి.

10. రోడ్డు మీద పోల్చడం

యాక్సిలరేటర్ పిడికీ దాని పక్కన ఉన్న స్థిర భాగానికీ కాగితపు టేపు చుట్టి, మూసిన స్థితి, పావు, సగం, ముప్పావు, పూర్తి అని గీతలు పెట్టండి. ఈ గీతలు లేకుండా “సగం తిప్పాను” అన్న మాటకు విలువ లేదు.

ఒకే రోజు, ఒకే వేళ, ఒకే బంకు పెట్రోలుతో, టైర్లలో ఒకే గాలితో పరీక్షించండి. సంక్రాంతి నాటి తెల్లవారుజామున ఒక నీడిల్‌నూ, రోహిణి కార్తె ఎండలో ఇంకొకదాన్నీ నడిపితే మీరు పోల్చింది గాలిని. చల్లగాలి చిక్కనిది కనుక మిశ్రమం పలుచబడుతుంది, వేడిగాలికి అందుకు విరుద్ధంగా జరుగుతుంది.

వరుస ఇలా ఉండాలి: పాత నీడిల్, కొత్త నీడిల్, మళ్లీ పాత నీడిల్. మూడో పరుగు విసుగు పుట్టించినా మానకండి. మొదటి పరుగుకీ మూడో పరుగుకీ తేడా వస్తే మధ్యలో వేరే ఏదో మారిందని అర్థం, అప్పుడు రెండో పరుగు ఫలితం చెల్లదు.

ప్రతి పరుగులోనూ:

• పది కిలోమీటర్లు నడిపి ఇంజనును వేడెక్కనివ్వండి.
• రద్దీ లేని నేరు రోడ్డు మీద టాప్ గేరులో పావు, సగం, ముప్పావు గీతల దగ్గర ఒక్కోచోట నిలకడగా నడిపి, శబ్దం, కుదుపు గమనించండి.
• సగం గీత దగ్గర నుంచి చప్పున ముప్పావుకు తిప్పి పికప్ చూడండి.
• ఆ నీడిల్‌కు విడిగా ఉంచిన కొత్త ప్లగ్గుతో సగం గీత దగ్గర రెండు కిలోమీటర్లు నడిపి, క్లచ్ నొక్కుతూ అదే క్షణంలో ఇంజను ఆపి, పక్కకు జారనిచ్చి ప్లగ్గు విప్పి చూడండి. ఐడ్లింగ్‌లో ఆగిన బండి ప్లగ్గు ఐడ్లింగ్ సంగతే చెబుతుంది.

ఎత్తు ఎక్కించి చూడాలంటే డెల్టాలో గుట్టలు లేవు. వంతెన ఎక్కుడే మనకు గుట్ట. రావులపాలెం నుంచి సిద్ధాంతం వైపు వెళ్లేటప్పుడు గానీ, దిండి నుంచి చించినాడ వంతెన ఎక్కేటప్పుడు గానీ ఆ కొద్ది ఏటవాలు మీద సగం గీత కదలకుండా ఉంచితే, పలుచని మిశ్రమం ఉన్న బండి అక్కడే గొంతు మార్చేస్తుంది. వంతెన మీద మాత్రం ఆపకండి, దిగాక ఆపి రాసుకోండి.

ఇక్కడ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాము కాబట్టి కంపెనీ చెప్పిన గాడి సాధారణంగా సరిపోవాలి. అదే బండి అరకు వెళితే గాలి పలుచబడి, మిశ్రమం చిక్కగా తోస్తుంది. ఆ రెండు రోజుల కోసం నీడిల్ కదిలించకండి.

11. లక్షణాన్ని బట్టి సవరణ

సగం గీత దగ్గర బండి ముందుకూ వెనక్కూ ఊగుతూ నడవడం, సైలెన్సరులో టపటపలు, ఎక్కుడులో టకటకమనే నాక్, ప్లగ్గు తెల్లగా ఉండటం: ఇవి పలుచని మిశ్రమపు గుర్తులు. క్లిప్పును ఒక గాడి కిందికి మార్చండి.

శబ్దం బరువుగా గుడగుడమనడం, టూ స్ట్రోకులో నాలుగు స్ట్రోకుల బండిలా తడబడి పేలడం, నల్లని మసి, మైలేజీ పడిపోవడం: ఇవి చిక్కదనానివి. క్లిప్పును ఒక గాడి పైకి మార్చండి.

ఎటు వైపో తేలకపోతే సగం గీత దగ్గర నడుస్తుండగా చోక్ కొద్దిగా వేసి చూడండి. బండి తేరుకుంటే పలుచన, ఇంకా చెడితే చిక్కన.

పావు గీత దగ్గర చిక్కగానూ ముప్పావు దగ్గర పలుచగానూ ఉంటే, లేదా అందుకు తిరగబడి ఉంటే, గాడి మార్చి లాభం లేదు. నీడిల్ వాలే తప్పు. గాడి నీడిల్‌ను పైకీ కిందికీ జరపగలదు, దాని ఆకారాన్ని మార్చలేదు. ఆ నీడిల్‌ను పక్కన పెట్టేయండి.

12. తరచూ జరిగే పొరపాట్లు

నీడిల్, మెయిన్ జెట్టు, ఎయిర్ స్క్రూ ఒకేసారి మార్చడం అన్నిటికన్నా పెద్దది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

లావుగా వచ్చిన నీడిల్‌ను గరుకు కాగితంతో రుద్ది సన్నం చేసే మేస్త్రులను చూశాను. చేతితో రుద్దితే నీడిల్ గుండ్రదనం పోతుంది, ఒంటి మీది నునుపు పోతుంది. రుద్దిన చోట ఎంత తగ్గిందో రుద్దినవారికే తెలియదు.

గాడులు అయిపోయాయని నీడిల్ కింద వాషర్లు పేర్చడం ఇంకొకటి. అర గాడి సవరణకు ఒక సన్నని వాషరు వేయడం తప్పు కాదు. రెండు మూడు కావలసి వస్తున్నాయంటే నీడిల్ తప్పయినా అయి ఉండాలి, జెట్టు తప్పయినా అయి ఉండాలి.

వంగిన నీడిల్‌ను సుత్తితో తిన్నగా చేయబోవడం గురించి చెప్పనే అక్కరలేదు.

13. ఏది కొనాలి

ఒరిజినల్ దొరికి, కొలతలు సంకేతానికి తగినట్టు ఉంటే అదే కొనండి. నీడిల్‌తో పాటు నీడిల్ జెట్టు కూడా ఒకేసారి తీసుకోండి. పాత దుకాణపు అల్మరాలో ఏళ్ల తరబడి పడి ఉన్న కొత్త ఒరిజినల్ కూడా మంచిదే, ఒంటి మీద తుప్పు చుక్కలు లేకపోతే. ప్యాకెట్టు ఒరిజినల్‌ది, లోపలి సరుకు మరొకటి అయ్యే సందర్భాలూ ఉన్నాయి కనుక దీనినీ కొలవాలి.

బయటి తయారీది కొనవలసి వస్తే ఈ నాలుగూ కుదిరినదే తీసుకోండి:

• నేరు భాగం వ్యాసం అరగని ఒరిజినల్‌తో 0.01 మి.మీ. లోపు కలవాలి.
• వాలు మీద నాలుగు చోట్లా అదే తేడాలో ఉండాలి.
• వాలు మొదలయ్యే చోటు కలవాలి.
• క్లిప్పు బిగువుగా కూర్చోవాలి.

అరగని ఒరిజినల్ పోలికకు దొరకకపోతే, తక్కువ తిరిగిన అదే మోడల్ బండి ఉన్న వారిని ఒక గంటకు నీడిల్ అడిగి కొలుచుకోండి. ఒకే ప్యాకెట్టు పేరుతో వచ్చిన రెండు నీడిళ్లు ఒకేలా ఉంటాయన్న భరోసా లేదు కాబట్టి, మిత్రుడి బండిలో కుదిరిందన్న మాట మీ నీడిల్‌కు వర్తించదు. టూ స్ట్రోక్ బండికి సంకేతం లేని కిట్టు నీడిల్ వేయడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. నాలుగు స్ట్రోకుల బుల్లెట్ తప్పును కొంత ఓర్చుకుంటుంది.

14. బిగించిన తర్వాత

500 కిలోమీటర్లు తిరిగాక నీడిల్ తీసి, వాలు మీద మెరుపు చార పడిందేమో, క్లిప్పు వదులైందేమో చూడండి. ఒరిజినల్‌కు ఇది ఏడాదికోసారి చాలు. బయటి తయారీకి మొదటి మూడుసార్లూ 500 కిలోమీటర్లకే చూడటం నా అలవాటు. నేరు భాగం వ్యాసాన్ని మళ్లీ కొలిచి, మొదటి కొలత పక్కనే తేదీ, మీటరు రీడింగుతో రాయండి.

తీసిన పాత నీడిల్‌ను పారేయకుండా, కొద్దిగా ఇంజనాయిలు రాసి, మూత బిగువైన చిన్న సీసాలో పెట్టి, గాడి సంఖ్య, జెట్టు గుర్తు, తీసిన తేదీ రాసిన చీటీని సీసా బయట అంటించండి. చీటీని లోపల పెడితే ఆయిలుకు అక్షరాలు చెరిగిపోతాయి.